ఎముక అడిగే గడువు: దంత ఇంప్లాంట్ చికిత్సలో ఏం జరుగుతుంది

పన్ను పోయిన చోట ఇంప్లాంట్ పెట్టించుకోవాలనుకునేవారు దంతవైద్యుల దగ్గర సాధారణంగా మూడు సంగతులు అడుగుతారు: నొప్పి ఎంత ఉంటుంది, ఎన్నిసార్లు రావాలి, ఎన్నేళ్లు నిలుస్తుంది. ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం చాలా మటుకు దవడ ఎముక దగ్గరే ఉంది. ఇంప్లాంటును అమర్చేది వైద్యులే అయినా, దాన్ని పట్టి నిలబెట్టేది రోగి ఎముకే. ఆ పనిని అది తన వేగంతోనే చేస్తుంది, తొందరపెడితే చేయదు. మొదటి పరీక్ష నుంచి చివరి పన్ను బిగించేదాకా మూడు నెలలు పట్టవచ్చు, ఆరు నెలలు పట్టవచ్చు, ఎముక బాగా తరిగిపోయి ఉంటే ఏడాది దాటవచ్చు. అంత కాలంలోనూ వైద్యుల కుర్చీలో గడిపే సమయం మొత్తం కలిపినా కొద్ది గంటలే. మిగిలిన కాలమంతా పైకి ఏమీ జరగనట్టే ఉంటుంది గానీ, అసలు చికిత్స నడిచేది ఆ రోజుల్లోనే. ఈ చికిత్సలో ఎదురయ్యే నిరాశల్లోనూ పొరపాట్లలోనూ చాలా భాగం ఈ ఒక్క విషయం ముందుగా తెలియకపోవడం వల్ల వచ్చేవే.

వాడుకలో ‘ఇంప్లాంట్’ అనే మాటను కొత్తగా పెట్టిన పన్ను మొత్తానికీ వాడేస్తున్నారు. కచ్చితంగా చెప్పాలంటే అది ఎముకలో దాగి ఉండే, స్క్రూ ఆకారంలోని మర పేరు మాత్రమే. సహజమైన పంటికి వేరు ఎలాగో కొత్త పంటికి ఆ మర అలాంటిది. ఎక్కువగా టైటానియంతో చేస్తారు, కొన్ని సందర్భాల్లో జిర్కోనియా అనే పింగాణీ వంటి పదార్థంతో కూడా చేస్తారు. సాధారణంగా దాని మందం 3.5 నుంచి 5 మిల్లీమీటర్లు, పొడవు 8 నుంచి 13 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. దాని మీద చిగురు గుండా పైకి వచ్చే చిన్న ఆధారాన్ని అబట్‌మెంట్ అంటారు. ఆ ఆధారం మీద బిగించేది, నోటిలో పన్నుగా కనిపించేది క్రౌన్. ఈ మూడింటినీ వేర్వేరుగా గుర్తుపెట్టుకోవడం వల్ల పెద్ద ప్రయోజనమే ఉంది, ఎందుకంటే వీటి ఆయుష్షులు వేరు, వీటికి వచ్చే ఇబ్బందులు వేరు. పైనున్న క్రౌన్ వదులైందని చెబితే ఇంప్లాంటే పాడైందని భయపడేవారు చాలామంది ఉంటారు. అనేక సందర్భాల్లో మధ్యనున్న చిన్న స్క్రూను మళ్లీ బిగిస్తే సరిపోయే వ్యవహారం అది.

లోహపు మరను ఎముక తనలో కలుపుకుంటుందన్న సంగతి వైద్యులు వెతుకుతూ వెళ్లి కనిపెట్టినది కాదు. స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950లలో ఎముకలోని రక్తప్రసరణను గమనించడానికి కుందేళ్ల కాలి ఎముకల్లో టైటానియంతో చేసిన చిన్న పరికరాలను అమర్చారు. పరిశోధన ముగిశాక వాటిని బయటికి తీయబోతే రాలేదు. ఎముక ఆ లోహాన్ని అంటిపెట్టుకుని పెరిగింది. ఈ కలయికకే తరువాత ‘ఆసియోఇంటిగ్రేషన్’ అని పేరు పెట్టారు. 1965లో మొదటిసారి ఒక రోగి దవడలో ఈ పద్ధతిలో ఇంప్లాంట్లు అమర్చారు. ఆ రోగి మరణించేనాటికి నలభై ఏళ్లు దాటినా అవి పనిచేస్తూనే ఉన్నాయి. అయినా దంతవైద్య ప్రపంచం దీన్ని వెంటనే నమ్మలేదు. 1982లో టొరంటోలో జరిగిన సదస్సు తరువాతే ఈ పద్ధతికి విస్తృతమైన ఆమోదం దొరికింది. అంతకు ముందు వాడిన రకరకాల లోహపు అమరికల చుట్టూ ఎముకకు బదులు మెత్తని పీచు కణజాలం పెరిగి, అవి కొన్నాళ్లకు కదిలి ఊడిపోయేవి కాబట్టి, ఆ అపనమ్మకానికి కారణం లేకపోలేదు.

టైటానియానికి ఈ గుణం రావడానికి దాని ఉపరితలమే మూలం. గాలి తగిలిన క్షణంలోనే ఆ లోహం మీద అతి పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. శరీర ద్రవాల్లో కూడా ఆ పొర చెక్కుచెదరదు, తుప్పు పట్టదు, కణాలకు హాని చేయదు. దాని వల్ల ఎముక కణాలు లోహాన్ని పరాయి వస్తువుగా చూసి చుట్టూ గోడ కట్టకుండా, నేరుగా దాని దరి దాకా పెరుగుతాయి. నేటి ఇంప్లాంట్ల ఉపరితలాన్ని ఇసుక రేణువుల వంటివాటితో తాకించి, ఆమ్లంతో చెక్కి, కంటికి కనిపించనంత సన్నగా గరుకు చేస్తారు. గరుకుతనం వల్ల ఎముక త్వరగా, గట్టిగా పట్టుకుంటుంది. మొదట్లో కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు తప్పనిసరిగా ఆగవలసిన చోట, ఇప్పుడు ఎముక గట్టిగా ఉన్నవారికి రెండు మూడు నెలలకే పన్ను పెట్టగలగడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇక్కడ కాస్త నిలిచి చూడవలసిన విషయం ఒకటి ఉంది. ఇంప్లాంటును బిగించిన రోజున అది నిలబడేది కేవలం బిగువు వల్ల, చెక్కలో దిగిన మరలాగా. ఆ బిగువును వైద్యులు టార్క్, అంటే మరను తిప్పడానికి పట్టే బలం, కొలతలో చూసుకుంటారు. అయితే రంధ్రం చేసినప్పుడు దాని అంచున దెబ్బతిన్న ఎముకను శరీరం మొదట కరిగించి, ఆ తరువాతే కొత్త ఎముకను నింపుతుంది. పాత పట్టు తగ్గుతూ ఉండగా కొత్త పట్టు ఇంకా పూర్తిగా రాని రోజులు మధ్యలో కొన్ని ఉంటాయి. సుమారుగా రెండో వారం నుంచి నాలుగో వారం దాకా ఇంప్లాంట్ మొదటి రోజు కంటే కూడా బలహీనంగా ఉండవచ్చు. విచిత్రం ఏమిటంటే, సరిగ్గా ఆ వారాల్లోనే రోగికి నొప్పి, వాపు పూర్తిగా పోయి, అంతా మానిపోయిందన్న ధీమా కలుగుతుంది. ఆ ధీమాతో ఆ వైపు గట్టి పదార్థాలు కొరికితే, మర 100 నుంచి 150 మైక్రాన్లకు మించి కదిలినా చాలు, ఎముకకు బదులు పీచు కణజాలం చేరే ప్రమాదం ఉంది. ఆ కదలిక వెంట్రుక మందమంత. అది రోగికి తెలియదు, నొప్పి పెట్టదు. మూడు నెలల తరువాత మర వదులుగా కదిలినప్పుడు మాత్రమే బయటపడుతుంది. నొప్పి లేకపోవడం, మానిపోవడం ఒకటే అనుకోవడం మామూలు గాయాల విషయంలో చెల్లుతుంది గానీ ఈ చికిత్సలో చెల్లదు.

చికిత్స మొదలయ్యే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఇంప్లాంట్ గురించి కాదు, ఉన్న పన్ను గురించి. పిప్పి పన్నుకు రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే ఇంకా చాలా ఏళ్లు పనిచేసే అవకాశం ఉన్నప్పుడు, దాన్ని తీసి ఇంప్లాంట్ పెట్టడం లాభసాటి బేరం కాదు. సహజమైన వేరుకూ ఎముకకూ మధ్య ఒక మిల్లీమీటరులో ఐదో వంతు మందాన సన్నని లిగమెంట్ పొర ఉంటుంది. నమిలేటప్పుడు పడే ఒత్తిడిని అది మెత్తలాగా తీసుకుంటుంది, ఎంత గట్టిగా కొరుకుతున్నామో మెదడుకు చెబుతుంది, చిగుళ్లకు రక్తం అందించడంలో పాలుపంచుకుంటుంది. ఇంప్లాంటుకు ఆ పొర లేదు, తిరిగి కల్పించే మార్గమూ ఇప్పటికి లేదు. వేరు నిలువునా చీలినా, చిగుళ్ల వ్యాధితో ఎముక కరిగిపోయి పన్ను కదిలిపోతున్నా అప్పుడు తీయక తప్పదు. ఇతర మార్గాలు కూడా బేరీజు వేసుకోవాలి. అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీసి బ్రిడ్జి వేస్తే కొన్ని వారాల్లోనే పని పూర్తవుతుంది, కానీ ఆరోగ్యంగా ఉన్న రెండు పళ్ల పైపొర పోతుంది. ఆ పళ్లకు ఎలాగూ క్యాపులు అవసరమైతే బ్రిడ్జే మంచిదన్న వాదనకు బలముంది. తీసి పెట్టుకునే పళ్ల సెట్టు అన్నిటికన్నా సులువు, అయితే అది చిగురు మీద ఆనుతుంది, కింద ఎముక తరుగుతూనే ఉంటుంది.

ఇంప్లాంట్ ఎవరికి సరిపడుతుందన్నది వయసును బట్టి తేలేది కాదు. డెబ్బై, ఎనభై ఏళ్లవారికి కూడా ఆరోగ్యం బాగుంటే నిక్షేపంగా పెట్టవచ్చు. ఇబ్బంది చిన్న వయసువారితోనే. దవడ ఇంకా ఎదుగుతున్న పిల్లలకు పెడితే చుట్టుపక్కల పళ్లు ఎదుగుదలతో పాటు జరుగుతాయి, ఎముకలో బిగుసుకుపోయిన ఇంప్లాంట్ మాత్రం ఉన్నచోటే ఉండిపోయి, కొన్నేళ్లకు ఆ పన్ను పొట్టిగా, లోపలికి పోయినట్టు కనబడుతుంది. అందుకే ఎదుగుదల పూర్తయిందని నిర్ధారించుకున్నాకే మొదలుపెడతారు. ఆరోగ్య పరిస్థితుల్లో అదుపులో లేని మధుమేహం మానే శక్తిని తగ్గిస్తుంది, ఇన్ఫెక్షన్ అవకాశాన్ని పెంచుతుంది. అందువల్ల గత రెండు మూడు నెలల చక్కెర సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఫలితం చూసి నిర్ణయం తీసుకోవడం మామూలు. చక్కెర అదుపులో ఉంటే మధుమేహం ఉన్నంత మాత్రాన ఇంప్లాంట్ కూడదని అనడానికి లేదు. పొగతాగడం మాత్రం ప్రతి దశలోనూ దెబ్బతీస్తుంది. అది రక్తనాళాలను కుదిస్తుంది, ఇంప్లాంట్ అతుక్కోకపోయే అవకాశాన్ని పెంచుతుంది, అతుక్కున్నాక కూడా చుట్టూ ఎముక కరిగే వేగాన్ని పెంచుతుంది.

వైద్యులకు చెప్పకుండా వదిలేస్తే ఎక్కువ ప్రమాదం తెచ్చేవి మందులు. ఎముకలు గుల్లబారే జబ్బుకు, కొన్ని క్యాన్సర్లకు వాడే బిస్ఫాస్ఫొనేట్, డెనోసుమాబ్ రకం మందులు ఎముక తనను తాను మార్చుకునే ప్రక్రియనే నెమ్మదింపజేస్తాయి. వాటిని తీసుకుంటున్నవారిలో దవడ ఎముక మానక బయటపడిపోయే అరుదైన, తీవ్రమైన సమస్య రావచ్చు. క్యాన్సర్ కోసం ఎక్కువ మోతాదులో ఇంజెక్షన్లుగా తీసుకునేవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మాత్ర వేసుకోవడం ఎప్పుడో మానేసినా, గతంలో తీసుకున్నామని చెప్పడం అవసరం, ఎందుకంటే బిస్ఫాస్ఫొనేట్లు ఎముకలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి. తల, మెడ భాగాలకు రేడియేషన్ తీసుకున్నవారి విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు శస్త్రచికిత్స అనగానే భయపడి వాటిని సొంతంగా ఆపేయడం మరొక పెద్ద పొరపాటు. పంటి దగ్గర కారే రక్తాన్ని ఆపడానికి మార్గాలున్నాయి, గుండెకో మెదడుకో గడ్డ అడ్డుపడితే వచ్చే నష్టం పూడ్చలేనిది. ఆ నిర్ణయం మందు రాసిన వైద్యులు, దంతవైద్యులు కలిసి తీసుకోవలసినది.

తరువాతి అడుగు ఎముక కొలతలు. పన్ను తీసిన తరువాత అక్కడి ఎముకకు పని ఉండదు, పని లేని ఎముక తరిగిపోతుంది. మొదటి ఏడాదిలోనే దాని వెడల్పు సగం దాకా తగ్గవచ్చు, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతుంది. పన్ను తీయించుకుని, ‘తరువాత చూద్దాం’ అని ఐదారేళ్లు గడిపాక వచ్చేవారికి ముందుగా ఎముక పెంచే చికిత్స అవసరమని చెప్పడం వెనక ఉన్న కారణం ఇదే. మామూలు ఎక్స్‌రే ఎత్తును చూపుతుంది గానీ వెడల్పును చూపదు. అందుకే మూడు కొలతల్లోనూ చూపే సీబీసీటీ స్కాన్ తీస్తారు. కింది దవడలో పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం ఎముక లోపలి సొరంగంలో నడుస్తుంది. ఇంప్లాంట్ కొనకూ ఆ నరానికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్ల దూరం ఉంచడం నియమం. పై దవడ వెనక భాగంలో ఎముకపై సైనస్ అనే గాలి గది ఉంటుంది, అక్కడి పళ్లు పోయాక ఆ గది కిందికి దిగి ఎముకను మరీ పలుచన చేస్తుంది. పక్క పన్నుకు ఒకటిన్నర మిల్లీమీటరు, రెండు ఇంప్లాంట్ల మధ్య 3 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలన్న లెక్కలు కూడా ఈ స్కాన్ మీదే వేసుకుంటారు. పళ్ల తీరు చూసి ముందుగా క్రౌన్ ఎక్కడ రావాలో నిర్ణయించుకుని, దానికి తగ్గట్టు కింద మర ఏ కోణంలో దిగాలో ఆలోచించేవారి పని చివరికి అందంగా కుదురుతుంది. ఎముక ఎక్కడ దొరికితే అక్కడ మర దించి, పన్నును తరువాత సర్దే పద్ధతిలో క్రౌన్ వంకరగా, శుభ్రం చేయడానికి వీల్లేకుండా తయారవుతుంది.

ఎముక చాలనప్పుడు గ్రాఫ్ట్, అంటే లోటును నింపే పొడి లేదా ముక్క, వేస్తారు. ఆ పొడి లేదా ముక్క రోగి సొంత ఎముక నుంచి రావచ్చు, దానమిచ్చిన మానవ ఎముక నుంచి, శుద్ధి చేసిన పశువుల ఎముక నుంచి రావచ్చు, లేదా పూర్తిగా కృత్రిమంగా తయారైనది కావచ్చు. కొందరికి మత విశ్వాసాల వల్లనో, ఆహార నియమాల వల్లనో వీటిలో కొన్ని సమ్మతం కాకపోవచ్చు కాబట్టి అది దేనితో చేసినదో అడిగి తెలుసుకోవడం రోగి హక్కు. చాలా రకాల గ్రాఫ్ట్ తనంతట తాను ఎముకగా మారిపోదు. కొత్త ఎముక పాకడానికి పందిరిలా పనిచేస్తుంది, శరీరం నెమ్మదిగా దాన్ని నింపుకుంటుంది. సైనస్ పొరను పైకి జరిపి కింద గ్రాఫ్ట్ నింపే చికిత్సను సైనస్ లిఫ్ట్ అంటారు. అది చేయించుకున్నవారు కొన్ని వారాల పాటు ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. పెద్ద గ్రాఫ్ట్ అయితే ఇంప్లాంట్ పెట్టే ముందు నాలుగు నుంచి తొమ్మిది నెలలు ఆగవలసి రావచ్చు. చిన్న లోటైతే ఇంప్లాంటుతో పాటే నింపేస్తారు.

శస్త్రచికిత్స రోజు గురించి ఉండే భయం సాధారణంగా అసలు అనుభవం కంటే పెద్దది. ఒక్క ఇంప్లాంట్ అయితే పన్ను తీయడానికి ఇచ్చే మత్తు ఇంజెక్షనే సరిపోతుంది, పని చాలాసార్లు గంటలోపు ముగుస్తుంది. ఒత్తిడి, ప్రకంపన, నీటి ధార తెలుస్తాయి, నొప్పి మాత్రం తెలియకూడదు, తెలిస్తే వెంటనే చెప్పాలి, మత్తు మరికొంత ఇస్తారు. చిగురును చిన్నగా కోసి, ఎముకలో మొదట సన్నని డ్రిల్లుతో, తరువాత కొంచెం కొంచెం పెద్దవాటితో రంధ్రాన్ని వెడల్పు చేస్తారు. చల్లని సాలైన్ ఆపకుండా పోస్తూ నెమ్మదిగా చేయడానికి కారణం ఉంది: 47 డిగ్రీల సెల్సియస్ వేడి ఒక నిమిషం పాటు తగిలితే చాలు, ఎముక కణాలు చనిపోతాయి. మరను దించాక రెండు మార్గాలున్నాయి. పైన చిన్న మూత బిగించి చిగురును పూర్తిగా కుట్టేసి, కొన్ని నెలల తరువాత మళ్లీ తెరవడం ఒకటి. చిగురు బయటికి కనిపించే హీలింగ్ క్యాప్‌ను అప్పుడే బిగించి రెండో కోతను తప్పించడం మరొకటి. పట్టు బాగా దొరికినప్పుడు రెండోది, గ్రాఫ్ట్ వేసినప్పుడో పట్టు అంతంతమాత్రంగా ఉన్నప్పుడో మొదటిది ఎంచుకుంటారు.

ఆ తరువాతి రోజుల సంగతి. వాపు రెండో రోజు, మూడో రోజు ఎక్కువై, అక్కడినుంచి తగ్గుముఖం పడుతుంది. ఇది తెలియక మూడో రోజు ఉదయం అద్దంలో చూసుకుని కంగారుపడటం సహజం. మొదటి రోజు బయట నుంచి ఐస్ ప్యాక్ అప్పుడప్పుడూ పెట్టుకోవడం, తల కాస్త ఎత్తుగా పెట్టి పడుకోవడం మేలు చేస్తాయి. మొదటి 24 గంటలు పుక్కిలించడం, గట్టిగా ఉమ్మడం, స్ట్రాతో తాగడం మానాలి, ఎందుకంటే గాయం మీద గడ్డకట్టిన రక్తమే అప్పటికి దాని రక్షణ. తరువాత గోరువెచ్చని ఉప్పునీళ్లు, వైద్యులు చెప్పిన క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక ద్రావణం వాడవచ్చు. మెత్తని, వేడి తగ్గిన ఆహారం తీసుకుంటూ రెండో వైపు నమలాలి. కరిగిపోని కుట్లను వారం, పది రోజుల్లో తీస్తారు. సాధారణ నొప్పి మాత్రలతో అదుపులోకి వచ్చి రోజురోజుకీ తగ్గే నొప్పి ఆందోళన పడవలసినది కాదు. నాలుగో రోజు తరువాత నొప్పి తగ్గకపోగా పెరుగుతున్నా, చీము, జ్వరం కనిపించినా, ఒత్తిపట్టినా రక్తం ఆగకపోయినా వెంటనే వెళ్లాలి. మత్తు దిగిపోవలసిన సమయం దాటినా కింది పెదవి, గడ్డం ఇంకా మొద్దుబారి ఉంటే మర్నాటిదాకా కూడా ఆగకూడదు. నరం మీద ఒత్తిడి పడిందా లేదా అన్నది తొలి గంటల్లోనే తేలితే ఇంప్లాంటును వెనక్కి తీసి నష్టాన్ని తగ్గించే అవకాశం ఉంటుంది.

ఎముక పట్టే నెలల్లో ముందు పన్ను ఖాళీగా ఉండిపోతుందేమోనన్న దిగులు అక్కరలేదు. తీసి పెట్టుకునే తాత్కాలిక పన్ను, పక్క పళ్లకు అంటించే పన్ను వంటివి పెడతారు. అవి కనిపించడానికే తప్ప కొరకడానికి కాదు, ఇంప్లాంట్ ఉన్నచోట చిగురును అవి నొక్కుతుంటే వైద్యులతో సరిచేయించుకోవాలి. ‘ఒక్క రోజులో పళ్లు’ అన్న ప్రకటనలు ఈ సందర్భంలోనే అర్థం చేసుకోవాలి. పన్ను తీసిన రోజే ఇంప్లాంట్ పెట్టడం, పెట్టిన రోజే దానిమీద తాత్కాలిక పన్ను బిగించడం నిజంగానే జరుగుతున్నాయి, సరైనవారిని ఎంచుకుంటే ఫలితాలూ బాగుంటాయి. ఆ ఎంపికకు గోడలు చెక్కుచెదరని ఎముక, ఇన్ఫెక్షన్ లేని స్థలం, బిగించేటప్పుడు సాధారణంగా 35 న్యూటన్ సెంటీమీటర్లకు తగ్గని పట్టు కావాలి. ఆ షరతులు ఉన్నాయో లేదో కొంతవరకు శస్త్రచికిత్స మధ్యలో గానీ తేలదు. అందువల్ల ముందే హామీ ఇచ్చేవారి కంటే, ‘పట్టు దొరికితే ఇవాళే, దొరకకపోతే మూడు నెలల తరువాత’ అని చెప్పేవారి మాటనే నమ్మడం మంచిది. తొలిరోజు బిగించిన పన్నుతో కూడా ఎముక గడువు మారదు. అది చూపుకు మాత్రమే పన్ను, నమలడానికి పనికొచ్చే పన్ను ఆ తరువాత వస్తుంది.

గడువు ముగిశాక ఇంప్లాంట్ ఎంత గట్టిగా పట్టిందో పరీక్షించి, కొలతలు తీసుకుంటారు. ముద్ద అచ్చుతో గానీ, నోటిలో తిప్పే స్కానరుతో గానీ తీసిన ఆ కొలతలతో ల్యాబులో క్రౌన్ తయారవుతుంది. దాన్ని స్క్రూతో బిగించవచ్చు, సిమెంటుతో అతికించవచ్చు. స్క్రూ పద్ధతిలో పైన చిన్న రంధ్రం ఉండి, దాన్ని పంటి రంగు పదార్థంతో మూసేస్తారు. ఏదైనా అవసరం వచ్చినప్పుడు విప్పడం తేలిక. సిమెంటు పద్ధతిలో రంధ్రం కనిపించదు గానీ, చిగురు కిందికి జారిన సిమెంటు కొద్దిగా మిగిలిపోయినా కొన్ని నెలలకో, ఏళ్లకో అక్కడ వాపు, ఎముక తరుగుదల మొదలవుతాయి. వీలున్న చోటల్లా స్క్రూ పద్ధతినే ఎంచుకోవడం మెరుగని చెప్పడానికి ఈ కారణం చాలు. ముందు పళ్ల విషయంలో కష్టమంతా చిగురుతోనే. రెండు పళ్ల మధ్య మొనదేలి ఉండే చిగురు ఒకసారి తగ్గిపోతే పూర్తిగా తిరిగి తేవడం కష్టం, అక్కడ చిన్న నల్లని సందు మిగిలిపోవచ్చు. ఈ మాట చివర్లో కాకుండా మొదటి సంప్రదింపులోనే వినిపించాలి.

పళ్లన్నీ పోయినవారికి ఒక్కో పన్నుకు ఒక్కో ఇంప్లాంట్ అవసరం లేదు. కింది దవడలో రెండు ఇంప్లాంట్లు పెట్టి, వాటి మీద బటన్ మాదిరిగా పట్టుకునే సెట్టును అమర్చితే, మాట్లాడేటప్పుడు జారిపోయే బాధ చాలా మటుకు తీరుతుంది. పళ్లు లేని కింది దవడకు కనీస ప్రమాణం ఇదే కావాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు అభిప్రాయపడ్డారు. నాలుగు లేదా ఆరు ఇంప్లాంట్ల మీద రోగి తానుగా విప్పలేని పూర్తి వరస బిగించడం దానికి పై మెట్టు. ఇందులో సౌఖ్యం ఎక్కువే, శుభ్రం చేసుకోవడం మాత్రం కష్టమే. చేతులు వణికేవారు, చూపు మందగించినవారు తీసి కడుక్కోగలిగిన సెట్టుతోనే ఎక్కువ క్షేమంగా ఉంటారు. కుటుంబ సభ్యులు ఈ కోణాన్ని తరచుగా మరచిపోతారు.

పదేళ్ల తరువాత కూడా నోటిలో నిలిచే ఇంప్లాంట్లు నూటికి తొంభైకి పైగానే అని చాలా అధ్యయనాలు చూపుతున్నాయి. ఇది గొప్ప ఫలితం. అయితే నోటిలో నిలిచి ఉండటం, ఏ ఇబ్బందీ లేకుండా ఉండటం ఒకటి కాదు. క్రౌన్ మీద పింగాణీ పెచ్చు ఊడవచ్చు, స్క్రూ వదులు కావచ్చు. నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉన్నవారికి ఇవి మరీ ఎక్కువ, లిగమెంట్ లేని ఇంప్లాంట్ ఆ ఒత్తిడిని గుర్తించి హెచ్చరించలేదు కాబట్టి రాత్రిపూట గార్డు పెట్టుకోవడం వారికి తప్పనిసరి. ఇంప్లాంటుకు పిప్పి పట్టదు, చిగుళ్ల వ్యాధి మాత్రం పడుతుంది. పాచి పేరుకుంటే మొదట చుట్టూ చిగురు ఎర్రబడి, బ్రష్ తగిలితే రక్తం వస్తుంది. ఆ దశలో శుభ్రం చేస్తే పూర్తిగా తగ్గిపోతుంది. పట్టించుకోకపోతే వాపు కిందికి దిగి ఎముకను కరిగిస్తుంది. దాన్ని పెరి ఇంప్లాంటైటిస్ అంటారు, దానికి నమ్మకమైన చికిత్స ఇప్పటికీ దొరకలేదు. చిగుళ్ల వ్యాధి వల్లనే పళ్లు పోగొట్టుకున్నవారికి ఈ ముప్పు ఎక్కువ, కాబట్టి మిగిలిన పళ్లకు ఆ వ్యాధి నయం కాకుండా ఇంప్లాంట్ పెట్టడం సరికాదు. రోజూ రెండు పూటలా బ్రష్షుతో పాటు పళ్ల సందుల్లో దూరే సన్న బ్రష్షు గానీ ఫ్లాస్ గానీ వాడుతూ, ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి పరీక్షకు, అవసరమైనప్పుడు ఎక్స్‌రేకు వెళ్లాలి. నొప్పి వచ్చినప్పుడు వెళదామని ఆగితే, ఎముక చాలా మేర కరిగాక గానీ నొప్పి రాదు.

మొదటి నెలల్లోనే ఇంప్లాంట్ పట్టకపోతే దాన్ని తీయడం పెద్ద పని కాదు, వదులైన మర సులువుగానే వచ్చేస్తుంది. గాయం మానాక, అవసరమైతే ఎముక నింపి, మరోసారి ప్రయత్నించవచ్చు. రెండో ప్రయత్నం చాలామందికి ఫలిస్తుంది. ఖర్చు గురించి ముందే రాతపూర్వకంగా తేల్చుకోవలసిన ప్రశ్నల్లో ఇది ఒకటి: పట్టకపోతే మళ్లీ పెట్టేందుకు ఎవరు భరిస్తారు? చెప్పిన ధరలో మర ఒక్కటే ఉందా, అబట్‌మెంట్, క్రౌన్, స్కాన్, గ్రాఫ్ట్, తాత్కాలిక పన్ను కూడా కలిపారా అన్నదీ అప్పుడే తెలుసుకోవాలి. వేర్వేరు చోట్ల చెప్పే ధరల్లో తేడా చాలాసార్లు ఇక్కడే దాగి ఉంటుంది.

చికిత్స పూర్తయ్యాక చేతికి తీసుకోవలసిన కాగితం ఒకటుంది. ప్రతి ఇంప్లాంట్ పెట్టె మీదా కంపెనీ పేరు, రకం, మందం, పొడవు, లాట్ నంబరు ఉన్న స్టిక్కరు ఉంటుంది. ఆ స్టిక్కరు అతికించిన కార్డును, క్రౌన్‌ను ఏ స్క్రూతో ఎంత బిగించారో రాసిన వివరాలను అడిగి తీసుకోవాలి. ఒక కంపెనీ మరకు మరొక కంపెనీ స్క్రూ సాధారణంగా సరిపోదు, విప్పే స్క్రూడ్రైవరు కూడా చాలాసార్లు వేరే ఉంటుంది. పదిహేనేళ్ల తరువాత, వేరే ఊళ్లో, వేరే దంతవైద్యుల కుర్చీలో క్రౌన్ కదులుతోందని నోరు తెరిచినప్పుడు ఆ కార్డు ఉంటే పని పది నిమిషాల్లో అయిపోతుంది, లేకపోతే ఎక్స్‌రేలో మర ఆకారం చూసి అది ఏ కంపెనీదో ఊహించవలసి వస్తుంది.